డొల్ల పెట్టెల వెనక మెర్ల్

నేను బాగా గెంతేవాణ్ణి. గొప్ప కోసం చెప్పడం లేదు, ఒహాయోలో ఎవరిని అడిగినా చెప్పేవారు. డ్రమ్ముల అరుగు మీద నుంచి ఒక్క ఉదుటున స్టేజీ అంచుకు దూకి, మోకాళ్ల మీద జారి, గిటారును మెడ చుట్టూ తిప్పి మళ్లీ లేచేవాణ్ణి. మా బ్యాండు పేరు మరిచిపోయినవాళ్లు కూడా "ఆ గెంతేవాడు" అంటే గుర్తుపట్టేవారు. వాయించడం సంగతంటారా? ఈ వయసులో సిగ్గెందుకు, చెప్పేస్తాను. పంతొమ్మిది వందల ఎనభై ఒకటిలో జనం ఈలలు వేసి విన్న సోలోలు నావి కావు. అవి మెర్ల్ డోంబెక్‌వి.

మెర్ల్ పియానోలు శ్రుతి చేసేవాడు. పగలంతా టోలెడోలో బడులూ చర్చీలూ తిరిగేవాడు. యాభై ఏళ్లు, బట్టతల, మెడలో తాడుకు వేలాడే కళ్లజోడు. ఆయన గిటారు పట్టుకుంటే వేళ్లకు తొందర ఉండేది కాదు, ఒక్క స్వరమూ జారేది కాదు. నలుగురి ముందు నిలబడమంటే మాత్రం నోరు ఎండిపోయేది. పెళ్లినాడు పాస్టరు అడిగినదానికి మాట పెగలక తల ఊపితే, "ఔనంటున్నాడండీ" అని పెళ్లికూతురు జెనీసే చెప్పిందట.

మా ఇద్దరికీ ముడిపెట్టింది సౌండు బోర్డు దగ్గర కూర్చునే వాండా. "ఒకడికి చేతులున్నాయి, ఒకడికి కాళ్లున్నాయి. ఇద్దర్నీ కలిపితే ఒక మనిషవుతాడు," అంది. నాకు రోషం వచ్చింది గానీ మాట నిజం.

మా వెనక పన్నెండు స్పీకర్ పెట్టెల గోడ ఉండేది. మోగేవి రెండే. తక్కిన పదీ ప్లైవుడ్డు, నల్ల గుడ్డ, లోపల గాలి. పైన పటారం, లోన లొటారం. ఆ డొల్ల పెట్టెల వెనక పాల డబ్బాలు మోసే ప్లాస్టిక్ బుట్టను బోర్లించుకుని మెర్ల్ కూర్చునేవాడు. ఇద్దరివీ ఒకే రకం గిటార్లు. రెండు కేబుళ్లూ వాండా దగ్గరికే చేరేవి. ఆవిడ నా గిటారు శబ్దం నొక్కేసి ఆయనది స్పీకర్లకు పంపేది. స్టేజీ మీద నా చెవికీ ఆ శబ్దమే వినిపించేది.

మొదటి వారమే మెర్ల్ నన్ను వ్యానులో కూర్చోబెట్టాడు.

"లానీ, నేను సన్నతీగ మీదుంటే నీ చెయ్యి ఇంకెక్కడో గోక్కుంటోంది. మూడో వరసలో గిటార్ తెలిసినోడు ఒక్కడుంటే చాలు, మన పని అయిపోద్ది."

"ఏం చెయ్యమంటావ్ మరి?"

"నా వేళ్లు ఎక్కడుంటే నీ వేళ్లూ అక్కడుండాలి. అబద్ధమాడినా అతికినట్టుండాలి గదయ్యా."

అలా మొదలైంది. పొద్దున్నే వ్యానులో ఎదురెదురుగా కూర్చుని, ఒక్కో సోలోనూ ముక్కలు చేసి, వేలు వేలుగా నాకు ఎక్కించాడు. ఉత్తుత్తి వాయింపుకు ఇంత చాకిరీనా అని రోజూ సణిగేవాణ్ణి. పొరపాటు చేస్తే తిట్టేవాడు కాదు, కళ్లజోడు తీసి చొక్కాతో తుడిచేవాడు. ఆ అద్దాలు అంత శుభ్రంగా ఉండేవంటే ఆ పుణ్యం నాదే.

ఆ పైన నా గెంతుల మీద పడ్డాడు. "గాల్లో ఉన్నప్పుడు నీ వేళ్లు ఆగిపోతున్నాయ్. పాటలో ఖాళీ ఉన్నచోట గెంతు. కావలసినన్ని ఉన్నాయ్, వెతుక్కో." అప్పటిదాకా పాటలో ఖాళీలుంటాయని నేను వినలేదు. వెతికాను, ఉన్నాయి. ఒకచోట ఒక్క తాళం దెబ్బంత, ఇంకోచోట రెండు. నా గెంతులన్నీ మోసుకెళ్లి వాటిలో సర్దుకున్నాను. జనానికి అవే ఇంకా నచ్చాయి.

ఎనభై మూడు ఆగస్టులో మా సొంత ఊరు ఫిండ్లే జాతరకు పిలిచారు. మధ్యాహ్నం మూడు గంటలు, పక్కనే పందుల పోటీ. అమ్మ మడతకుర్చీ తెచ్చుకుని ముందు వరసలో కూర్చుంది. నా మొదటి గిటారు అమ్మ కొన్నదే, బడి క్యాంటీనులో సూపు వడ్డించి కూడబెట్టి. ఎప్పుడు ఫోను చేసినా అడిగేది, "ఒరే, వాయించేది నిజంగా నువ్వేనా?" అని. "నేనేనమ్మా," అనేవాణ్ణి. రెండేళ్లుగా అదే జవాబు. ఊళ్లో ఎవరి ముందు పరువు పోయినా ఓర్చుకోగలను గానీ, అమ్మ ముందు ఆ అబద్ధం బయటపడకూడదు.

మేం ఎప్పుడూ హాళ్లలో వాయించినవాళ్లం. ఆరుబయట గాలి ఉంటుందని, డొల్ల పెట్టెల్లో ఇసుక బస్తాలు వెయ్యాలని ఒక్కరికీ తట్టలేదు. మూడో పాటలో, సరిగ్గా నా సోలో నడుస్తుండగా, గాలి ఒక్క తోపు తోసింది. నా వెనక పెట్టెలు దబదబా పడ్డ చప్పుడు విన్నాను. అమ్మ చూపు నన్ను దాటి వెనక్కి పోయింది.

నా పని అయిపోయిందనుకున్నాను. వేళ్లు మాత్రం అలవాటు కొద్దీ కదులుతూనే ఉన్నాయి. మెర్ల్ బెదిరి ఆపేస్తాడు, ఇక శబ్దం తెగిపోతుంది, నేను ఉత్త చేతులు ఆడిస్తూ అమ్మకు దొరికిపోతాను. శబ్దం తెగలేదు. జనంలో నవ్వులు మొదలయ్యాయి. తల తిప్పి చూశాను.

మెర్ల్ బుట్ట మీద కూర్చుని ఉన్నాడు. ఆయన గిటారు దాని పెట్టెలో ఉంది, ఆ పెట్టె మూసి ఉంది, దాని మీద ఆయన కాళ్లున్నాయి. రెండు చేతుల్లోనూ సాండ్‌విచ్ ఉంది. సోలో మోగుతూనే ఉంది.

ఆ తర్వాత గెంతాల్సిన ఖాళీ వచ్చింది, పోయింది. నా కాళ్లు లేవలేదు. నిలబడ్డచోటే నిలబడి, ఏడుస్తూ, చివరిదాకా వాయించాను.

దిగగానే మెర్ల్‌ను పట్టుకున్నాను. "ఎప్పట్నుంచి?"

"ఫిబ్రవరిలో నాది కాస్త కాస్త తగ్గించి నీది పెంచమని వాండాకి చెప్పా. ఈస్టర్ తర్వాత నేను పెట్టె తెరిస్తే ఒట్టు."

"మరి రోజూ వచ్చి ఎందుకు కూర్చున్నావ్?"

"నేనున్నాననుకుంటే బాగా వాయిస్తున్నావ్ గదా. ఉండడానికి నాకేం నొప్పి?"

"ఒక్క మాట చెప్పొచ్చుగా."

"చెప్తే బెదురుతావ్. బెదిరితే గెంతుతావ్."

ఈలోగా అమ్మ కుర్చీ చంకన పెట్టుకుని వచ్చింది. "నీకు రెండేళ్లు అబద్ధం చెప్పానమ్మా," అన్నాను.

"తెలుసులేరా. నా కడుపున పుట్టినోడి చేతులు నాకు తెలీవా?" అని, మెర్ల్ వైపు తిరిగింది. "మరి ఇవాళ?"

మనుషులంటే నోరు పెగలని మెర్ల్, నాకంటే ముందు మాట్లాడాడు. "ఇవాళ్టిది వీడిదేనమ్మా. సాండ్‌విచ్ ఒక్కటే నాది."

అమ్మ ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ తర్వాత నలభై ఏళ్లు నేను గిటారు మీదే బతికాను. ఆ మనిషిని తలుచుకుని దండం పెట్టుకోకుండా ఒక్క రోజూ స్టేజీ ఎక్కలేదు.

మొన్న నవంబరులో మెర్ల్ పోయాడు, తొంభై రెండేళ్లకు. చర్చిలో వాయించమని జెనీస్ నన్నే అడిగింది. వ్యానులో ఆయన నాకు మొట్టమొదట నేర్పిన సోలోనే నెమ్మదిగా, కదలకుండా నిలబడి వాయించాను. చివర్లో రెండు దెబ్బల ఖాళీ ఉంది. అరవై ఏడేళ్ల మోకాళ్లతో, ఉన్నంతలో, గెంతాను. ముందు వరసలో జెనీస్ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.