కోవా బాణలికి కంప్యూటర్ తగిలించిన వైనం

మూఢనమ్మకాల మీద నా ఉపన్యాసాలు విని నన్ను ధీరుడనుకునేవారు దయచేసి ఇక్కడే ఆగిపోండి. విజయవాడ శివార్లలోని ఒక డెయిరీలో, పట్టపగలు, పదిమంది ఎదుట, నా హేతువాదాన్ని నేనే ఎలా ఉడకబెట్టుకున్నానో చెప్పబోతున్నాను.

అప్పుడు నేను కుర్ర ఇంజినీరును. అనుభవం చిన్నది, నోరు పెద్దది. కోవా కాచే పెద్ద బాణలికి వెళ్లే ఆవిరిని ఒక ముసలి వాల్వు అదుపుచేసేది. దానికి కొత్త కంప్యూటర్ తగిలించడం నా పని. వన్ టౌన్ సందులో తోపుడుబండికి బెంజ్ సర్కిల్ సిగ్నలు పెట్టడమన్నమాట.

స్విచ్ వేయబోతుంటే మేనేజరు ప్రసాదరావు గారు పళ్లెంలో కొబ్బరికాయ, కర్పూరంతో వచ్చారు.

"ఇవన్నీ ఎందుకండీ?"

"కొత్త మిషను కదండీ. శుభమా అని మొదలెడదాం."

"కంప్యూటరుకు శుభం, అశుభం తెలియవండీ. ఒకటి, సున్నా తెలుసు, అంతే."

కోవా విభాగం చూసే మరియమ్మ గారు, "పోనీ, నేను చిన్న ప్రార్థన చేసుకోనా సార్?" అన్నారు. సర్వమత సమానత్వం పాటించి ఆవిడనూ ఆపాను.

ప్రసాదరావు గారికి రోషం వచ్చింది. "సరేనండీ. ఏ తంతూ లేకుండా ఇది సజావుగా మొదలైతే, నేనున్నంత కాలం ఇక్కడ పూజ పేరెత్తను. కాలేదో, మీరు ఉపన్యాసాలు మానేయాలి."

ఒక్క స్విచ్‌తో సంఘసంస్కరణ! ఒప్పుకున్నాను. వేశాను. "వాల్వు పూర్తిగా తెరిచి ఉంది" అంది తెర.

"పాలు చల్లగానే ఉన్నాయి సార్," అన్నారు మరియమ్మ గారు.

"తెర చూడండమ్మా. ఆవిరి వస్తోంది."

"తెరను చూసి కాగుతాయా అండీ పాలు?"

ప్రసాదరావు గారు కర్పూరం వాసన చూసుకుంటున్నారు. ముందు వాల్వు మూసి, తర్వాత సంగతి చూద్దామని కంప్యూటరులో "మూసుకో" అని నొక్కాను. తెర విధేయంగా "మూసుకుంది" అని చూపింది.

ఆ ముసలి వాల్వు సంకేతం వస్తే మూసుకుంటుంది, ఆగితే తెరుచుకుంటుంది. నా కంప్యూటరుకు నేర్పింది సరిగ్గా దీనికి తలకిందులు. నేను అరగంటగా తీగలు తడుముతుండగా, ఈ సంగతి నాకంటే ముందు పాలకు తెలిసింది.

"సార్, పొంగుతున్నాయండీ."

"అసంభవం. ఆవిరి ఆగిపోయింది."

"అంచు దాటాయండీ."

"తెర మీద సున్నా ఉందమ్మా."

కంటికి కనిపించనిదాన్ని నమ్మొద్దని ఊరూరా చెప్పినవాణ్ణి, కంటి ముందు పొంగే పాలను నమ్మక తెర ముందు భక్తుడిలా నిలబడ్డాను. కల్యాణమొచ్చినా కక్కొచ్చినా ఆగదంటారు. పొంగొచ్చినా అంతే. మరియమ్మ గారు పరుగెత్తి ఆవిరి గొట్టం మీది చేతి వాల్వు తిప్పేసరికి, నేల మీద పారి గోరువెచ్చనైన పాలు నా బూట్లలోకి దిగాయి. జ్ఞానోదయం పాదాల నుంచి మొదలైంది.

తల దించుకుని, "సజావుగా మొదలవలేదండీ. ఓడిపోయాను," అన్నాను.

ప్రసాదరావు గారు తెల్లబడ్డ నేలను తన్మయంగా చూస్తున్నారు.

"భలేవారండీ. కొత్తదేదైనా మొదలెడితే ఎవరైనా గిన్నెడు పాలు పొంగిస్తారు. మీరు బాణలెడు పొంగించారు. మా గృహప్రవేశం కూడా ఇంత శాస్త్రోక్తంగా జరగలేదు."

మరియమ్మ గారు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "సార్‌కి దక్షిణ ఏం ఇమ్మంటారండీ?" అన్నారు.

దేవుడి మీద ఒట్టేసే వీలు నాకు లేదు కనుక, గురుత్వాకర్షణ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్లీ పౌరోహిత్యం చేయను. మరో జన్మ లేదు కాబట్టి, ఈ ప్రమాణం శాశ్వతం.