తూలని పెంచల్

శ్రీహరికోటలో లేచిన రాకెట్టయినా పైకి పోయాక కాస్త వంగుతుందేమో గానీ, ఎంత తాగినా పెంచల్ నడక వంగదని ఆ ఒడ్డున అందరూ ఒప్పుకున్న మాట. అతను పారేసిన సీసా అడుగున చుక్కలు నాకిన ఎండ్రకాయలు పక్కకు నడవడం మాని తిన్నగా నడిచాయంటారు. చూసినవాళ్లు లేరు, కాదన్నవాళ్లూ లేరు. తోటివాళ్లు రెండు గ్లాసులకే ఇసుకలో బోర్లా పడితే, ఇరవై రెండేళ్ల పెంచల్ ఒక్కొక్కణ్ణీ భుజానేసుకుని ఇంట్లో దించి వచ్చేవాడు. తనకింకా ఎక్కలేదనుకుని మళ్లీ పోసుకునేవాడు.

ఆ ఏడు వేట నిషేధం ముగిసేసరికి చిన్నపోలయ్యకు చూపు మందగించింది. ఆయన పెంచల్‌కు మేనమామ, పిల్లనిచ్చిన మామ కూడా. పడవ చుక్కాని ఇక అల్లుడి చేతికే రావాలి. పెంచల్ చిన్నప్పటి నుంచీ కోరుకున్నది అదొక్కటే.

చిన్నపోలయ్యకు ఒక పద్ధతుంది. పడవెక్కేవాడు ఇసుకలో పెట్టిన తెడ్డు కర్ర మీద నడిచి చూపాలి. తూలినవాడు ఆ పూట ఒడ్డునే. వేట మొదలైన పొద్దున పెంచల్ తాగే వచ్చాడు. కర్ర మీద ముందుకు నడిచి, అడక్కుండానే వెనక్కీ నడిచాడు. కుర్రాళ్లు ఈలలేశారు.

చద్దన్నం క్యారియర్ తెచ్చిన పెంచల్ పెళ్లాం మహాలక్ష్మి మాత్రం నవ్వలేదు. చిక్కుపడ్డ వలను విప్పే ఓపిక లేక మొగుడు కత్తితో కోసేసిందీ, ఎవరిదో పెళ్లిపందిట్లో మాటకు మాట రాకముందే ఒకడి మీద చెయ్యి చేసుకుందీ ఆమెకు గుర్తే. అవన్నీ అతను తాగి, తూలకుండానే చేశాడు.

“ఇతన్ని నడిపిచ్చి ఏం జూస్తావు నాయినా? నిలబెట్టి చూడు,” అంది తండ్రితో.

పెద్ద కెరటాలు మూడు విరిగాక సముద్రం కాసేపు సర్దుకుంటుంది. పడవ తోసేది అప్పుడే. నేను చెప్పేదాకా కదలొద్దన్నాడు చిన్నపోలయ్య. నిలబడ్డం కూడా ఒక పనేనా అని నవ్వి, పెంచల్ పడవ పక్కన చేతులు కట్టుకున్నాడు.

మొదటి కెరటం విరిగింది. బుర్ర అద్దంలా తేటగా ఉంది. రెండోది విరిగింది. ఈ మాత్రం సందు చాలదా అనిపించింది. సముద్రం ఆ పూట కాలవంతే కనిపించింది. మామ నోరు తెరవనే లేదు. అంతలో తొడలకు చల్లగా తగిలి పెంచల్ కిందికి చూసుకున్నాడు. నడుము దాకా నీళ్లు. రెండు చేతులూ పడవను నెడుతున్నాయి. ఎప్పుడు కదిలాడో అతనికే తెలియదు.

మూడో కెరటం వచ్చి అతన్ని ఇసుక మీదికి విసిరింది. వెనకాల తాడు పట్టినవాళ్లుండబట్టి పడవ దక్కింది. ఎవరూ ఈల వెయ్యలేదు.

పెంచల్ ఉప్పునీళ్లు ఉమ్మి అలాగే కూర్చుండిపోయాడు. పడిపోయేవాళ్లకు వాళ్ల ఒళ్లే ఇక చాలని చెబుతుంది. తన ఒళ్లు ఏనాడూ చెప్పలేదు. దాన్నే బలమనుకుని ఊరంతా నెత్తిన మోసింది, తానూ మోశాడు.

“మామా, నాకు కాళ్లకెక్కదు. చేతులకెక్కతాది. ఈ పొద్దు నేను రాను.”

“రేపు తాగకుండా రా. అప్పుడు నిలబెట్టి చూస్తా,” అన్నాడు చిన్నపోలయ్య. ఆ మసక చూపుతోనే తాను చుక్కాని పట్టుకున్నాడు.

పడవ తిరిగొచ్చేదాకా పెంచల్ అక్కణ్ణించి లేవలేదు. ఊరికే కూర్చోవడం ఇంత కష్టమని అతనికి ఎవరూ చెప్పలేదు.