కారుకు నమ్దా మార్చిన రోజు

మా ఆవిడ నా మాట వినదని చుట్టాల్లో పేరుండేది. అప్పట్లో అది తమాషా. రెండేళ్ల కిందట ఆమెకు జ్వరం వచ్చి తగ్గింది గానీ, దానితో పోయిన కుడి చెవి మాత్రం తిరిగి రాలేదు. ఎడమ చెవి భేషుగ్గా ఉందన్నాడు డాక్టరు. అప్పటినుంచి ఇంట్లో ఎక్కడ కూర్చున్నా ఆమెకు ఎడమ పక్కనే కూర్చుంటున్నాను.

కష్టమంతా కారులో వచ్చింది. పొద్దున మేడిపల్లి నుంచి నాచారం దాకా కలిసే వెళతాం. ఆమె బడి, నా ఫ్యాక్టరీ ఆఫీసు ఒకే దారిలో ఉన్నాయి. ఇంట్లో కుక్కరు, టీవీ, పిల్లల పరీక్షలు. మాకంటూ మిగిలిన ముచ్చట్లన్నీ కారులోనే. నేను నడుపుతుంటే ఆమె పల్లీలు ఒలిచి నా చేతిలో పెట్టేది, వాళ్ల హెడ్మాస్టరు గొంతు పెట్టి మాట్లాడి నవ్వించేది. ఇప్పుడు మా పాత డీజిల్ కారు ఉప్పల్ దాకా ఫ్లైఓవర్ స్తంభాల పక్కన గుంతల్లో పడిలేస్తూ మోత మోగిస్తుంటే నేనేదో అంటాను. "ఏంది?" అంటుంది. మళ్లీ అంటాను. మూడోసారికి ఆ మాటలో పస పోతుంది. "ఏం లేదు" అంటాను. విచిత్రంగా ఆ "ఏం లేదు" మాత్రం ఆమెకు అర్థమైపోయేది. కిటికీ వైపు తిరిగి కూర్చునేది.

కారులో ఆమెకు ఎడమ పక్కన కూర్చుందామంటే, స్టీరింగు కుడి పక్కన బిగించారాయె. దానికి నేనేం చేయను? తప్పంతా మోతదేనని తేల్చి, ఒక ఆదివారం ఉప్పల్‌లో కారు సీట్లు, కార్పెట్లు వేసే దుకాణానికి వెళ్లాను.

"అన్నా, నీ కారు మస్తు మాట్లాడ్తుంది," అన్నాడు దుకాణం ఆయన, బానెట్ మీద చెయ్యి వేసి.

"దాని నోరు మూయించు. లోపల వేరేవాళ్లు మాట్లాడాలి."

కార్పెట్ ఎత్తాడు. దాని అడుగున పరిచిన నమ్దా, ఒత్తిన ఉన్నితో చేసిన మందపాటి పరుపు, ఏసీ నీళ్లు తాగి తాగి బూజు పట్టి ఉంది. మడతల్లో పల్లీ పొట్టు.

"ఏందన్నా, ఇది కారా, కిరాణా కొట్టా?"

నేను నవ్వలేదు. అదంతా మా ముచ్చట్ల పొట్టు.

"నమ్దా మెత్తగుంటది గాని నీళ్లు తాగుతది. గీ ఫోమ్ తాగది. రేకు మీద ముందుగాల గీ నల్ల షీట్ అతికిస్తే దాని వణుకుడు బందైతది," అంటూ ముక్కలు నా ముందు పెట్టాడు. ఒక్కొక్కటీ చెవికి ఆనించుకుని "ఏమన్నా అను" అన్నాను. ఒక ఫోమ్ ముక్క దగ్గర "చాయ్ తాగుతవా?" అన్నాడట. నాకు వినబడలేదు. అదే ఖాయం చేశాను. ఒక చాయ్ పోయింది.

సాయంత్రం కారు తెచ్చుకోవడానికి ఆమె కూడా వచ్చింది. అక్కడ అందరికీ పరీక్ష ఒకటే: తలుపు వేసి చూడటం.

"పొద్దుగాల ధన్ మన్నది వదినా. ఇప్పుడిను, ధప్!"

పక్కనున్న పంక్చర్ షాపు పెద్దాయన కూడా వచ్చి ఒక తలుపు వేసి, "పెద్ద కారు లెక్కుంది బావా," అని మెచ్చుకుని పోయాడు. ఆ ధప్ నా కడుపు నింపింది.

బయల్దేరాం. ఇంజిన్ పక్క కాలనీలో ఎక్కడో నడుస్తున్నంత హాయిగా ఉంది. "ఎట్లుంది?" అన్నాను మెల్లగా. ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది. గొంతు పెంచాను.

"ఏంది?"

"ఏం లేదు," అన్నాను.

ఈసారి ఆమె కిటికీ వైపు తిరగలేదు. "ఆపు," అంది. ఇంటి దారిలో పల్లీల బండి పక్కన ఆపాను.

"గింత పని ఎందుకు జేయించినవ్?"

"నీకు నా మాట ఇనబడాలని!"

అది చెప్పడానికి అరవాల్సి వచ్చింది. పల్లీలాయన కూడా తలెత్తి చూశాడు. ఆమె తన ఎడమ చెవి మీద వేలు పెట్టి చూపించింది.

"పిచ్చోడా, నా మంచి చెవి కిటికీ దిక్కుంది గదా. బస్సులు ఇనబడ్తయ్, ఆటోలు ఇనబడ్తయ్, నువ్వొక్కనివే ఇనబడవ్. చాబీ ఇయ్యి."

ఆమెకు లైసెన్సుంది. రామంతాపూర్‌లో అక్క ఇంటికి తనే నడుపుకుంటూ వెళుతుంది. ఇద్దరం ఉన్నప్పుడు మాత్రం తాళంచెవి నా జేబులోనే ఉండాలని ఎవరు చెప్పారో నాకు గుర్తులేదు. ఇంట్లో ఉన్న చెవులన్నీ లెక్కపెట్టిన నాకు ఆ చెవి తట్టనే లేదు.

పల్లీల పొట్లం కొనుక్కుని ఎడమ పక్క ఎక్కాను. తలుపు వేశాను. ధప్. ఆమె సీటు ముందుకు జరుపుకుని, అద్దం సరిచేసుకుని, బండిని రోడ్డెక్కించింది.

"హెడ్మాస్టరు ఎట్లున్నడు?" అన్నాను, గొంతు పెంచకుండా.

నవ్వింది. చూపు రోడ్డు మీదే ఉంచి ఆయన గొంతు ఎత్తుకుంది. సిగ్నల్ దగ్గర ఎడమ చెయ్యి నా వైపు చాచింది.

"ఒల్సి పెట్టు. నాకు చెయ్యి తీరదు."

ఒలిచాను. నాకు ఆ పని చేతకాదని అప్పుడు తెలిసింది. పొట్టు సగం కొత్త కార్పెట్ మీదే పడింది.