గాజులావిడ బొటనవేలు

మొగల్తూరు నుంచి మా వీధికొచ్చే గాజులావిడ రాగానే గాజులు తీసేది కాదు. మన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, మణికట్టు మీద బొటనవేలితో గట్టిగా నొక్కేది. వేలు తీశాక రెప్ప వెయ్యకుండా చూసేది. గుంట పడలేదని తేలాకే గాజుల మలారం విప్పేది.

ఎందుకలా చేస్తావని ఒకసారి అడిగాను.

"మా అమ్మాయికి గొంతునెప్పొచ్చి తగ్గిందండి. తర్వాత పాత గాజులు బిగుతైపోయాయి. ఒళ్ళు చేసిందనుకుని మురిసిపోయి, నేనే పెద్ద సైజు ఎక్కించానండి. పొద్దున్నే మొహం ఉబ్బేది, ఒంటేలుకెళ్తే నురగొచ్చేది. నాకేం తెలుసండి? కిడ్నీల్లో వడపోసే జల్లెడలు పాడై ఒంటికి నీరు పట్టిందన్నారు డాక్టరు గారు. ఆయన చేతి మీద నొక్కితే గుంట అలాగే ఉండిపోయిందండి."

ఆ అమ్మాయి ఇప్పుడెలా ఉందని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆవిడ నా చెయ్యి మరోసారి నొక్కి చూసింది.

మొన్న పొద్దున మా పాప గాజులు పట్టడం లేదంటూ వచ్చింది. దానికి గొంతునొప్పి తగ్గి రెండు వారాలైంది. చెయ్యి ఒళ్ళోకి లాక్కుని, మణికట్టు మీద బొటనవేలితో నొక్కాను.

"వదులమ్మా, నెప్పెడుతోంది!" అంటోంది పాప.

వేలు తియ్యడానికి నాకు చెయ్యాడటం లేదు.