కత్తిపోటుకు లక్ష్మీకాంతం గారి వైద్యం

ముప్పయ్యేళ్లు ఆపరేషన్ థియేటర్లలో మత్తుమందు ఇచ్చిన డాక్టర్ లక్ష్మీకాంతం గారు, రిటైరైన ఆర్నెల్లకే చైనా సీరియళ్లలో పడ్డారు. కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో రోజూ పొద్దున ఆవిడతో నడకకు వచ్చే మే-లింగ్ అనే తైవానావిడ అంటించిన పిచ్చి అది. ఒక సీరియల్లో కత్తియుద్ధాలు చేసే కుర్రాళ్లిద్దరు, యాభై ఎపిసోడ్ల పొడుగునా ఒకరికోసం ఒకరు ప్రాణాలివ్వడానికి పోటీ పడుతుంటారు.

"ఫ్రెండ్స్ అంటే అలా ఉండాలి," అన్నారు భర్త భీమశంకరం గారు సోఫాలోంచి.

"ఫ్రెండ్సా? ఆ చూపులు చూశారా? పెళ్లిచూపుల్లో కూడా మీరు నన్నలా చూళ్లేదు!"

మర్నాడు మే-లింగ్ గుట్టు విప్పింది. ఆ సీరియల్‌కు మూలం ఒక వెబ్ నవల. అందులో వాళ్లిద్దరూ ప్రేమికులే. సెన్సారు భయానికి టీవీలో స్నేహితులైపోయారు. చూపుల్లో మిగిలిన ఆ కాస్త ప్రేమనూ పట్టుకుని అభిమానులు తమ కథలు తామే రాసుకుంటారట. అలా రాసేవాళ్లు నెలకోసారి పక్కూరు డబ్లిన్‌లో, సగ్గుబియ్యపు ఉండలేసి ఇచ్చే ఒక బోబా టీ షాపులో కలుస్తారట.

లక్ష్మీకాంతం గారు వెళ్లారు. పాతికమంది చైనా, తైవాన్, హాంకాంగ్ పిల్లల మధ్య పట్టుచీరలో కూర్చుని, మే-లింగ్ ఇంగ్లీషులో చెబుతుంటే ఒక కథ విన్నాక చెయ్యెత్తారు.

"ఊపిరితిత్తిలో కత్తి దిగినవాడు పేజీన్నర కవిత్వం ఎలా చెప్పాడమ్మా?"

అందరూ ఒకేసారి ఆవిడ నంబరు కోసం ఫోన్లు తీశారు. ఆ రోజునుంచి ఆవిడ వాళ్లకు డాక్టర్ ఆంటీ. ఎంత రక్తం పోతే స్పృహ తప్పుతుంది, విషం ఎంతసేపట్లో ఎక్కుతుంది, కాలు విరిగినవాణ్ణి కొండమీదికి మోసుకెళ్లొచ్చా అంటూ తెల్లారితే మెసేజులే. కథలు ఇంగ్లీషులోకి మార్చి పంపేవారు, ఆవిడ ఎర్రసిరాతో దిద్దేవారు.

చైనాలోని చెంగ్డూ నుంచి మాస్టర్స్ చేయడానికి వచ్చిన యూచెన్ ఒకసారి తన నవల ఆఖరి అధ్యాయం పంపింది. హీరో ప్రియుడి ఒళ్లో కన్నుమూస్తాడు. 'చావడు. గాయం భుజానికి. అదీ పైపైనే. కట్టుకట్టి పడుకోబెట్టాలి' అని రాసి పంపారు లక్ష్మీకాంతం గారు.

యూచెన్ వెంటనే ఫోన్ చేసింది.

"చావాలి ఆంటీ. ఇలాంటివాళ్లు చివరికి కలిసి బతకడం నేనెక్కడా చూళ్లేదు."

"కథల్లోనా?"

అటునుంచి తలుపు వేసిన చప్పుడు వినిపించింది.

"నా రూమ్మేట్ ఉత్త రూమ్మేట్ అనే మా అమ్మ అనుకుంటోంది ఆంటీ."

ఆపరేషన్ బల్లమీద వణికేవాళ్ల చెయ్యి పట్టుకుని మాట్లాడే గొంతు లక్ష్మీకాంతం గారికి అప్రయత్నంగా వచ్చింది. "అమ్మాయీ, మీ అమ్మకు ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో లేదో నాకు తెలీదు. భుజం గాయాల సంగతి మాత్రం బాగా తెలుసు. వాణ్ణి బతికించు."

పై నెలలో యూచెన్ కొత్త అధ్యాయం చదివింది. హీరో నలభై రోజులు మంచంమీద పడుకుని గంజిలో ఉప్పు లేదని ప్రియుణ్ణి సతాయించాడు. సగంమంది పడీపడీ నవ్వారు. మిగతా సగం, చచ్చిపోతేనే అందంగా ఉండేదని మొహాలు ముడుచుకున్నారు.

చదవడం అయ్యాక యూచెన్, పొట్టి జుట్టున్న ఒకమ్మాయిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"ఆంటీ, షాన్. రూమ్మేట్ కాదు."

లక్ష్మీకాంతం గారు పక్క కుర్చీ మీది తన హ్యాండ్‌బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "కూర్చోమ్మా. నువ్వేం రాస్తుంటావు?"

"నేను రాయనాంటీ. ఇది రాసినవి చదివి ఏడుస్తాను."

"ఈసారీ ఏడ్చావా?"

"గంజి దగ్గర," అంది షాన్.