తాత తాగగా మిగిలిన నీళ్ళు

మా అమ్మాయి ఫైటర్ చేపను తెచ్చుకుంది. దానికోసం బకెట్లో నిలవుంచిన నీళ్ళ వాసన తగలగానే నాకు చిలకలగూడ ఇంట్లో తాత గది గుర్తొచ్చింది.

తాత ఆయాసంతో పోయాక, నా ఏడుపు మాన్పడానికి నాన్న ఒక ఎర్ర ఫైటర్‌ను కొనిచ్చాడు. పేరుకు ఫైటర్‌ను పెంచేవాణ్ణే గానీ, బొద్దింకను చూస్తే మంచమెక్కేవాణ్ణి. నల్లా నీళ్ళు అప్పటికప్పుడు పోస్తే చచ్చిపోతుంది, నిలవ నీళ్ళే పోయాలని దుకాణంలో చెప్పారు. ఇంట్లో నిలవ నీళ్ళంటే తాత గదిలో ఆయన కోసం పెట్టిన దీపం పక్కన చెంబులోవే. పోయినవాళ్ళు దాహంతో వస్తారని నాన్నమ్మ వాటిని రోజూ మార్చి పెట్టేది.

"నిన్నటి నీళ్ళు పారబోసుడెందుకురా? నీ చేపకు పోస్త, సీస పట్టు," అంది.

"తాత తాగిన నీళ్ళా?"

"తాగంగ మిగిలినయి. మీ తాత ఎంగిలి నీకెప్పుడు చేదైంది?"

కాసేపటికి చేప పైకొచ్చి నోరు తెరిచింది. చివరి రోజుల్లో తాత అచ్చం అలాగే తెరిచేవాడు.

"నాన్నమ్మా, తాత దీంట్లకొచ్చిండు. ఇంకా దూపైతుందేమో, నిండా పొయ్యి!"

ఆమె చెంబు పక్కన పెట్టేసింది. "వద్దు బిడ్డా. జెర జాగ ఉంచు, ఊపిరి తీస్కోవద్దా?"

ఇందాక అమ్మాయి గాజుతొట్టిని అంచుదాకా నింపబోతే నేనూ అదే మాటన్నాను. ఈ చేప పైకొచ్చి గాలి పీల్చుకుంటుందని చదివి తెలుసుకున్నాను మరి. నాన్నమ్మకు చేపల సంగతేమీ తెలియదు. తాత పక్కన కూర్చుని ఆమె చూసింది ఆయన ఊపిరినే.