చిన్నక్షరాల తిరుమలరావు

నౌపడ వైపు ఎప్పుడొచ్చినా సరే, మీరు తిరుమలరావుని కలిసి తీరాలి. స్టేషను రోడ్డులో ఆయన సెల్‌ఫోన్ల షాపు. అయితే తొందరలో ఉంటే మాత్రం ఫోను కొనడానికి వెళ్లకండి. ఎందుకంటే ఆయన ఏ ఫోను అమ్మినా ముందు వారంటీ కాగితం మొత్తం చదివి వినిపిస్తాడు. మొత్తం! ఆ మడతల కాగితంలో చీమ తలకాయంత అక్షరాలుంటాయి చూడండి, అవన్నీ. భూతద్దం పెట్టి, లేచి నిలబడి, చెప్పులు విడిచి మరీ.

చెప్పులెందుకంటే, వాళ్ల నాన్నగారు అరసవల్లిలో పారాయణం చేసేవారు. మధ్యలో ఎవరైనా మాట్లాడితే మళ్లీ మొదటికొచ్చేవారు. కొడుక్కి పారాయణం రాలేదు. మొదటికి రావడం మాత్రం వచ్చింది.

"ఈ ఫోను నీటిని తట్టుకొనును. ఒకటిన్నర మీటరు లోతు, అరగంట సేపు, కదలని మంచినీరు..."

"బావా, బేగి బిల్లు కొట్టీ, బస్సెల్లిపోతాది," అన్నాడోసారి ఆటో స్టాండు వెంకీ.

తిరుమలరావు కోప్పడలేదు. భూతద్దం చొక్కాకి తుడుచుకున్నాడు.

"ఈ ఫోను నీటిని తట్టుకొనును..."

వెంకీ మూడు బస్సులు పోగొట్టుకుని, నాలుగోది ఎక్కి, టెక్కలి వెళ్లి అక్కడ కొనుక్కున్నాడు.

ఇలాంటి షాపుని నిలబెడదామని ఎచ్చెర్లలో ఎంబీఏ పూర్తిచేసి వచ్చింది మేనకోడలు విశాలి. రాగానే టీవీలో కంపెనీ యాడ్ పెట్టింది. ఒకమ్మాయి ఫోనుతో సహా ఈతకొలనులో దూకుతుంది, నీళ్లలోనే సెల్ఫీ తీసుకుంటుంది, పైకొచ్చి జుట్టు విదిలిస్తుంది. సరిగ్గా ఆ విదిలింపులో కింద ఒక్క సెకను తెల్లగా ఏదో మెరిసి మాయమైపోతుంది.

మావయ్య రిమోట్ లాక్కుని సరిగ్గా అక్కడ ఆపేశాడు. మర్నాటికల్లా ఆ మెరిసినదాన్ని పలాసలో ఫ్లెక్సీ కొట్టించి గుమ్మం మీద కట్టేశాడు. "ద్రవముల వలన కలిగిన నష్టమునకు వారంటీ వర్తించదు." షాపు పేరు కంటే రెండింతలు పెద్దక్షరాలు. కొత్తగా వచ్చినవాళ్లు షాపు పేరే అదనుకుని, వెంకీ ఆటో ఎక్కి "ద్రవముల షాపుకి పోనీ" అనేవారు.

"తట్టుకుంటాదని వాళ్లే రాసి, పాడైతే మాకు సంబంధం లేదని మళ్లీ వాళ్లే రాయడమేటి మావయ్యా? ఇందులో ఏది నిజం?"

"రెండూ నిజవేనమ్మా. ఒకటి పెద్దక్షరాల నిజం, ఒకటి చిన్నక్షరాల నిజం. పెద్దవి చదవడానికి బోల్డుమంది ఉన్నారు."

ఇంకో వింత. చుట్టూ అన్ని ఫోన్లు మెరుస్తుంటే, ఆయన చేతిలో మాత్రం రబ్బరు బ్యాండు చుట్టిన బటన్ల ఫోను. ఎందుకని అడిగితే, "దీనికి చిన్నక్షరాల్లేవు," అనేవాడు చాలా గంభీరంగా.

ఇలా ఉంటే అమ్మకాలు ఎక్కడ జరుగుతాయి? కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఏరియా మేనేజరు మోహనకృష్ణ వచ్చి చూస్తాడట, పనికిరాదనుకుంటే ఏజెన్సీ తీసేస్తాడట. ఏజెన్సీ పోతే మిగిలేది స్క్రీన్ గార్డులు, ఇయర్ ఫోన్లు.

విశాలి మావయ్య చేత ఒట్టు వేయించుకుంది. "ఆయన ఉన్నంతసేపూ ఒక్క లైను కూడా చదవకూడదు."

"సరేనమ్మా," అన్నాడు, ఉపవాసం ఒప్పుకున్నవాడిలా.

నౌపడ చుట్టూ ఉప్పు పండించే మళ్లే. ఆ ఉప్పుమళ్లలో పని తెల్లారకముందే మొదలై ఎండెక్కేసరికి అయిపోతుంది. జనం తిరిగొచ్చే పదిన్నరకి మోహనకృష్ణ షాపు ముందు బల్ల వేయించి, పెద్ద గాజు జాడీ పెట్టి, రెండు సీసాల మంచినీళ్లు పోశాడు. కొత్త ఫోను పైకెత్తాడు.

"చూస్తూ ఉండండి! వానైనా, వరదైనా దీనికేమీ కాదు!"

బుడుంగున ముంచాడు. లోపల లైటు వెలుగుతూనే ఉంది. జనం ఓహో అన్నారు. విశాలి వెనక్కి తిరిగి చూసింది. తిరుమలరావు చెప్పులు విడిచేసి ఉన్నాడు. పెదాలు కదులుతున్నాయి. గొంతు మాత్రం రావట్లేదు. పాపం, ఒట్టు.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ వచ్చింది దాలమ్మ. ముప్పై ఏళ్లుగా ఉప్పుమళ్లలో పని. చేతిలో బకెట్టు, అందులో ఉప్పుమడి నీళ్లు.

"ఆ సీసా నీళ్లల్లో ఎవుళైనా ముంచుతారు బాబూ. మావు సీసా నీళ్లల్లో పని సేత్తామేటి? ఇదిగో మా మడి నీళ్లు. ఇందల ముంచు, సూద్దాం."

మోహనకృష్ణ జాడీలోంచి ఫోను తీసి బకెట్టుకి దూరంగా పట్టుకున్నాడు. "ఉప్పునీళ్లంటే... అది వేరేనమ్మా."

"మరి ఆ పిల్ల నీళ్లల్లోకి దూకినాది గదా?"

"అది యాడ్ అమ్మా!"

జనం గొల్లుమన్నారు. పాపం దాలమ్మకి ఆయన మీద జాలేసింది. ధైర్యం చెబుదామనుకుంది. చూడండి, మొత్తం ముంచేసింది ఆ ధైర్యమే.

"బయపడకు బాబూ, ముంచీ. పాడైపోతే మీ కంపినీయే కొత్తది ఇత్తాది గదా. నాకియ్యనేదేటి?"

రొంటిలోంచి ఫోను తీసి చూపించింది. దాని కథ కూడా చెప్పింది. మడిలోంచి వచ్చాక వాళ్లు కాళ్లు, బకెట్టు, పార, అన్నీ మంచినీళ్లతో కడుగుతారు. "ఉప్పు ఇనుమునే తినేత్తాది, ఫోనునొగ్గేత్తాదేటి?" అందుకని దాలమ్మ మొదటి ఫోనుని కూడా రోజూ సబ్బుపొడి వేసి, కొబ్బరిపీచుతో తోమేది. ఛార్జింగ్ పెట్టే కన్నంలో పుల్ల పెట్టి మరీ. ఓ రోజు తడిగానే ఛార్జింగ్ పెట్టింది. అంతే, చచ్చిపోయింది.

"తిరుమలరావు బాబు కంపినీకి పంపించి కొత్తది తెప్పించినాడు. మీది మంచి కంపినీ బాబూ. మా మళ్లల్లో అందరికీ సెప్పినాను."

మోహనకృష్ణ ముఖం మారింది. "తడిసిన ఫోను మేమెప్పుడూ మార్చలేదే! ఎవరిచ్చారు ఇది? తిరుమలరావు గారూ, కంపెనీ పేరు చెప్పి మీరే మార్చి ఉంటే ఏజెన్సీ ఉండదు. నిజం చెప్పండి."

విశాలికి అసలు సంగతి తెలుసు. కిందటి వారమే కౌంటరు కింద బిస్కెట్ల డబ్బాలో దాలమ్మ పాత ఫోను దొరికింది. దాంతోపాటు సర్వీసు సెంటరు కాగితం. నీళ్లు తగిలితే రంగు మారే లోపలి తెల్ల స్టిక్కరు ఎర్రబడింది, నీరు చేరింది, వారంటీ లేదు. ఇదేటి మావయ్యా అని ఆ రోజే అడిగేసింది.

"అప్పట్లో నేను కాగితం చదివేవాణ్ని కాదమ్మా. యాడ్‌లో పిల్ల చెప్పిందే నేనూ చెప్పాను. నీళ్లలో పడినా ఏటీ అవదు దాలమ్మా, పట్టుకెళ్లు అన్నాను. నమ్మింది." అప్పుడే తను కొనుక్కున్న కొత్త ఫోను తుడిచి, పెట్టెలో పెట్టి, కంపెనీ పంపిందని ఇచ్చేశాడు. ఊరికే ఇస్తే గ్లాసుడు టీ కూడా ముట్టని మనిషి దాలమ్మ. అందుకే ఆ అబద్ధం. అప్పట్నుంచే బటన్ల ఫోను. అప్పట్నుంచే భూతద్దం.

చీమ తలకాయంత అక్షరం కూడా వదలని మనిషి ఆడిన ఒకే ఒక్క అబద్ధం, ఇప్పుడు బల్ల మీదికొచ్చింది.

తిరుమలరావు గొంతు సవరించుకున్నాడు. "జరిగింది జరిగినట్టు చెప్తాను సార్. ఆ రోజు మంగళవారం. దాలమ్మ షాపుకొచ్చి..."

నిజం చెప్పేస్తాడు! ఏజెన్సీ పోతుంది. దాలమ్మ ఇక్కడే, ఇంతమందిలో, ఆ ఫోను తిరిగి ఇచ్చేస్తుంది.

"మావయ్యా, టీ తాగుతావా?" అంది విశాలి గట్టిగా.

ఆగాడు. భూతద్దం తుడుచుకున్నాడు. "ఆ రోజు మంగళవారం. దాలమ్మ..."

"సార్‌కి కుర్చీ వెయ్యనా మావయ్యా?"

"ఆ రోజు మంగళవారం..."

జనంలోంచి వెంకీకి ఏం అర్థమయిందో ఏమో, "బావా, బస్సెల్లిపోతాది!" అని అరిచాడు.

"ఆ రోజు మంగళవారం..."

అలా పద్నాలుగు మంగళవారాలు గడిచాయి. మోహనకృష్ణ చెమటలు కక్కుతున్నాడు. "ఓలమ్మో, ఈ బాబుకేటైనాది? బేగి సెప్పొచ్చు గదా," అని దాలమ్మ విసుక్కుంది. ఇంతలో స్టేషన్లో మేనేజరు ఎక్కాల్సిన రైలు కూత పెట్టింది. ఆయన నీళ్లు పారబోసి జాడీ చంకన పెట్టుకున్నాడు. పరిగెత్తబోతూ ఒక్క క్షణం ఆగి, తిరుమలరావు చేతిలోని బటన్ల ఫోనుకేసి చూశాడు. దాలమ్మ చేతిలోని ఫోనుకేసి చూశాడు. మళ్లీ బటన్ల ఫోనుకేసి చూశాడు. ఇంకేమీ అనకుండా స్టేషన్‌కేసి పరిగెత్తాడు.

పావుగంటకి విశాలి ఫోనుకి మెసేజ్ వచ్చింది. "రిపోర్టు రాస్తున్నాను. దాలమ్మ ఫోను ఎవరు మార్చారు? ఒక్క మాట చాలు. మీరేం రాస్తే నేనూ అదే రాస్తాను."

విశాలి వేలు స్క్రీను మీద ఆగిపోయింది. కంపెనీ అని రాస్తే అబద్ధం. మావయ్య అని రాస్తే నిజమే, కానీ ఏజెన్సీ ఉండదు.

లోపల ఎవరో కొత్త ఫోను అడిగారు. చెప్పులు విడిచిన చప్పుడు.

"ఈ ఫోను నీటిని తట్టుకొనును..."

"అయితే కొబ్బరిపీచుతో తోమొచ్చేటి బాబూ?" అంది స్టూలు మీద కూర్చున్న దాలమ్మ.

భూతద్దం తుడుచుకున్నాడు. మళ్లీ మొదటికొచ్చాడు.

విశాలి స్థానంలో మీరుంటే, ఏ మాట రాసేవారు?